తెలిసి కొన్నవాడు, తెలియక కొన్నవాడు

(స్మారకోపన్యాస పాఠం)



నాకు వకాలతు నేర్పిన గురువుగారి పేరు మీద ఏటా జరిగే ఈ సభలో ఇంతకుముందు మాట్లాడినవారు రాజ్యాంగం గురించి, భూసంస్కరణల గురించి, న్యాయమూర్తుల నియామకాల గురించి చెప్పారు. నేను దొంగ సొత్తు పుచ్చుకోవడం మీదున్న ఒక్క సెక్షన్ గురించే మాట్లాడదలచుకున్నాను. గురువుగారు హైకోర్టుకు వెళ్లగలిగి కూడా వెళ్లలేదు. ప్రాక్టీసంతా గుంటూరు మేజిస్ట్రేటు కోర్టుల్లోనే చేశారు. పొద్దున్నే ఆయన ఇంటి అరుగు మీద వచ్చి కూర్చునేవాళ్లలో కంసాలులు ఉండేవారు, పాత ఇనుప సామాన్ల కొట్లవాళ్లు ఉండేవారు, తాకట్టు వ్యాపారులు, సంతలో గేదెను కొని తెచ్చుకున్న రైతులు, తర్వాతి రోజుల్లో సెల్‌ఫోన్ రిపేరు చేసే కుర్రాళ్లు ఉండేవారు. వీళ్లలో దొంగలు తక్కువ. దొంగ సొత్తు తమ దగ్గర దొరికిందని కేసులో ఇరుక్కున్నవాళ్లే ఎక్కువ. వచ్చిన ప్రతి మనిషినీ ఆయన మొదట అడిగేది ఒకటే: “కొనేటప్పుడు నీకు తెలుసా?” బిల్లుందా, ఎస్సై ఎవరు, బెయిలొస్తుందా అన్నవి ఆ తర్వాతే. చట్టం కూడా ముందు అడగమన్నది ఆ ప్రశ్నే. అది అడక్కుండానే ముగిసిపోతున్న దర్యాప్తుల గురించి ఇవాళ నా బాధ.

పాత శిక్షాస్మృతిలో 410 నుంచి 414 దాకా ఉన్న అయిదు సెక్షన్లు 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 317 అనే ఒకే సెక్షన్ కిందికి వచ్చాయి. దొంగతనం, బెదిరించి గుంజుకోవడం, దోపిడీ, సొంతానికి వాడుకోవడం, నమ్మకద్రోహం – వీటి ద్వారా చేతులు మారినది దొంగ సొత్తు. కొత్త చట్టం ఈ వరసలో మోసాన్ని కూడా చేర్చింది. దాని సంగతి చివర్లో చెప్తాను, చాలా పెద్ద మార్పు అది. దొంగ సొత్తని తెలిసి గాని, అలా నమ్మడానికి తగిన కారణం ఉండి గాని, దుర్బుద్ధితో పుచ్చుకున్నా, ఉంచుకున్నా మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. బందిపోటు సొత్తని తెలిసి తీసుకుంటే యావజ్జీవం దాకా పోవచ్చు. అదే వ్యాపారంగా పెట్టుకున్నవాడికీ అంతే. దాచిపెట్టడానికి, అమ్మిపెట్టడానికి సాయం చేసినవాడికి మళ్లీ మూడేళ్లు.

‘ఉంచుకోవడం’ దగ్గర జూనియర్లు ఒక్క క్షణం ఆగాలి. కొన్ననాడు తెలియకపోవచ్చు. వారం తర్వాత తెలిసింది అనుకోండి. తెలిశాక కూడా నోరు మెదపకుండా బీరువాలో పెట్టుకుంటే ఆ రోజు నుంచి నేరమే. ఇంకో సంగతి: కొట్లో కూర్చున్న గుమాస్తా చేతిలో యజమాని తరఫున ఉన్నది యజమాని స్వాధీనంలో ఉన్నట్టే లెక్క. భార్యాభర్తల విషయంలోనూ అంతే. అంటే స్వాధీనం చాలా తేలిగ్గా రుజువవుతుంది. తెలుసు అన్నది తేలిగ్గా రుజువు కాదు. చట్టం కావాలనే ఆ బరువు ప్రాసిక్యూషన్ నెత్తిన పెట్టింది.

ఈ ఆలోచన ఇంగ్లీషువాళ్లతో రాలేదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం నాలుగో అధికరణంలో, అనుమానం మీద, వస్తువు దొరకడం మీద, చేసిన పని మీద మనిషిని పట్టుకోవడం గురించి ఒక అధ్యాయమే ఉంది. వస్తువు పోయిందని తెలియగానే ఆ సరుకు వ్యాపారం చేసేవాళ్లకు కబురు చెప్పాలంటాడు. కబురు అందాక కూడా ఆ వస్తువును దాచినవాడు దొంగకు తోడుపడినవాడే. కబురు అందనివాడు వస్తువు అప్పజెప్తే చాలు, విడిచిపెట్టాలి. పాత వస్తువును తాకట్టు పెట్టాలన్నా అమ్మాలన్నా ముందు సంత అధికారికి చెప్పాలి. దొరికినవాణ్ణి ఎక్కడిదని అడగాలి. వారసత్వంగా వచ్చిందనో, ఫలానావాడి దగ్గర కొన్నాననో చూపిస్తే వదిలేయాలి. ఆ అధ్యాయంలో నాకు బాగా నచ్చినది మరొకటి ఉంది. మనుషుల్లో, పశువుల్లోనే పోలికలు కలుస్తాయి కదా, ఒకే లోహంతో ఒకే పనివాడు చేసిన నగల్లో కలవవా అని ఆయన అధికారుల్ని హెచ్చరిస్తాడు. ఇన్ని శతాబ్దాల తర్వాత కూడా మన కోర్టుల్లో బంగారు గొలుసు కేసుల్లో ఓడిపోయేదీ గెలిచేదీ ఆ పాయింటు మీదే.

ఇక 1872కు వద్దాం. సాక్ష్య చట్టం 114వ సెక్షన్‌కు మొదటి ఉదాహరణ మనందరికీ కంఠతా వచ్చు. దొంగతనం జరిగిన కొద్దికాలానికే సొత్తు ఎవరి దగ్గర దొరికిందో వాడు దొంగ గాని, తెలిసి పుచ్చుకున్నవాడు గాని అయి ఉంటాడని కోర్టు ఊహించవచ్చు, ఎలా వచ్చిందో వాడు చెప్పలేకపోతే. కొత్త సాక్ష్య అధినియమంలో ఇది 119వ సెక్షన్. ప్రతి చార్జిషీటూ దీని మీదే నిలబడుతుంది. కానీ అదే సెక్షన్‌లో దాని కిందనే ఇంకో వాక్యం ఉంది, దాన్ని చదివేవాళ్లు తక్కువ. గల్లాపెట్టెలో గుర్తు పెట్టిన రూపాయి దొరికిన కొట్టువాడి గురించి అది. ఆ ఒక్క రూపాయి ఎవరిచ్చారో అతను చెప్పలేడు. అయితే రోజంతా అతనికి రూపాయలు వస్తూనే ఉంటాయి. ఆ సంగతి కూడా కోర్టు పట్టించుకోవాలని చట్టమే చెప్తోంది. ఊహించవచ్చు అన్నదే గాని, ఊహించి తీరాలి అనలేదు. ముద్దాయి నమ్మదగిన వివరణ ఇస్తే చాలు, దాన్ని అనుమానానికి తావు లేకుండా రుజువు చేయనక్కర్లేదు.

‘కొద్దికాలం’ అంటే ఎంత? దానికి కొలబద్ద లేదు, వస్తువును బట్టి ఉంటుంది. కరెన్సీ నోటు పూటకో చేయి మారుతుంది. పెళ్లినాటి హారం అలా మారదు. 1983లో ఈరభద్రప్ప కేసులో హత్య జరిగిన ఏడాదికి నగలు దొరికినా, అంతకాలం ముద్దాయి పారిపోయి ఉన్నాడు కాబట్టి ఆ ఊహ చెల్లుతుందని సుప్రీంకోర్టు అన్నది. మరో పక్క, 1956లో రిపోర్టయిన సన్వత్ ఖాన్ కేసులో, చనిపోయినవాళ్ల సొత్తు దొరికినంత మాత్రాన దొరికినవాడే హంతకుడని అనలేమని, వేరే సాక్ష్యం లేకపోతే అతను దొంగో, దొంగ సొత్తు పుచ్చుకున్నవాడో అని మాత్రమే ఊహించగలమని చెప్పింది. 1954లో రిపోర్టయిన త్రింబక్ కేసు మన రోజువారీ పనికి ఇంకా దగ్గరిది. సొత్తు పొలంలో దొరికింది, ఎవరైనా వచ్చిపోయే చోటు. ముద్దాయి చూపించాడన్నంత మాత్రాన అతని స్వాధీనంలో ఉందనడానికి లేదు. ఎక్కడుందో అతనికి తెలుసని మాత్రమే దాని అర్థం. మొన్నమొన్న, 2022లో, శివకుమార్ కేసులో సరుకు తక్కువ ధరకు కొన్నాడు కాబట్టి దొంగదని తెలిసే ఉంటుందన్న వాదన చాలదని అదే కోర్టు శిక్ష కొట్టేసింది.

పై కోర్టులు ఇంత స్పష్టంగా చెప్తూ వచ్చాయి. మరి కింద జరిగేదేమిటి?

మధ్యవర్తుల రిపోర్టు ఒకటి తీసి చదవండి. జిల్లా ఏదైనా, స్టేషన్ ఏదైనా అవే మాటలు. ముద్దాయి స్వచ్ఛందంగా నేరం ఒప్పుకున్నాడు, మేము పోలీసువారితో కలిసి వెంట నడవగా ఫలానా కొట్టు చూపించాడు, కొట్టు యజమాని తన సొరుగులోంచి సొత్తు తీసి ఇచ్చాడు, దాన్ని సీజు చేసి చీటీలు అంటించి సంతకాలు చేశాం. గురువుగారి దగ్గర నేను జూనియర్‌గా ఉన్నప్పటి కేసులో సొరుగులోంచి వచ్చినది ఒక బంగారు ముద్ద, బరువు మూడు సవర్లు. ఫిర్యాదులో పోయిన గొలుసు బరువూ సరిగ్గా మూడు సవర్లే. గొలుసు కరిగిస్తే తరుగు పోదా, టాకా పోదా? గురువుగారు కంసాలి వంక చూడలేదు, ఫిర్యాదుదారు ముసలమ్మను అడిగారు: “అమ్మా, ఈ ముద్ద మీదేనా?” ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని, “నా గొలుసు కరిగిస్తే ఇంత అవుతుందని చెప్పారు బాబూ” అంది. కోర్టు హాలంతా నిశ్శబ్దం. ఆ కంసాలి చేసిన తప్పల్లా, మూడు సవర్లు ఇచ్చేస్తే కేసు లేకుండా చేస్తామన్న మాట నమ్మి, తన కొట్లో పని కోసం పెట్టుకున్న సొంత బంగారం ఇవ్వడమే. బంగారమూ పోయింది, కేసూ తప్పలేదు. ఆ కేసు కొట్టేశారు. కొట్టేసేనాటికి ఆయన కొట్టు మూతబడింది; ‘దొంగ బంగారం కొంటాడు’ అన్న పేరు పడ్డాక కంసాలికి గుండ్లపేరు చేయమని ఎవరిస్తారు?

ఇది పోలీసుల మీద కోపంతో చెప్పడం లేదు. సొత్తు పోయినవాళ్లకు రికవరీ కావాలి, పైఅధికారులకు రికవరీ శాతం కావాలి, పత్రికలకు బల్ల మీద పరిచిన నగల ఫోటో కావాలి. ఇవన్నీ ఎస్సై నెత్తినే. దొంగ అమ్మిన డబ్బు ఖర్చు పెట్టేశాడు, కొన్నవాడు కొట్లో కదలకుండా కూర్చుని ఉన్నాడు. కాబట్టి బరువంతా కొన్నవాడి మీద పడుతుంది. ఈ ఒత్తిడిలో ‘వాడికి తెలుసా’ అని విచారించే తీరిక ఎవరికీ ఉండదు.

అయితే దొంగ ‘ఫలానావాడికి అమ్మాను’ అన్నది కొన్నవాడి మీద సాక్ష్యం ఎలా అవుతుంది? కస్టడీలో ఉన్నవాడి మాటలో ఎంత భాగం చెల్లుతుందో తేల్చిన కేసు ఈ ఊరిదే. పులుకూరి కోటయ్య కేసు గుంటూరు సెషన్స్ కోర్టులో మొదలై మద్రాసు హైకోర్టు మీదుగా లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1947లో రిపోర్టయిన ఆ తీర్పు ఇవాళ్టికీ దేశమంతటా కోర్టులకు దారి. దొంగసొత్తు కేసు కాదది, గొడవల్లో జరిగిన హత్యల కేసు. సూత్రం మాత్రం అన్నిటికీ ఒకటే: దొరికిన వస్తువు ఎక్కడుంది, అది అక్కడుందని అతనికి తెలుసు – అంతవరకే ఆ మాట పనికొస్తుంది. దాని పాత చరిత్ర, ‘ఇది పెట్టి పొడిచాను’ లాంటి ముక్క, పనికిరాదు. అలాంటప్పుడు దొంగ మాటతో కొట్టువాడి మనసులో ఏముందో ఎలా రుజువు చేస్తారు? మన ఊరు దేశానికిచ్చిన సూత్రాన్ని మన కోర్టుల్లోనే మర్చిపోతే ఎలా?

గుర్తింపు విషయంలోనూ మన క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్‌లో మంచి ఏర్పాటుంది. సొత్తును అలాంటివే నాలుగైదు వస్తువుల్లో కలిపి పెట్టాలి. సాక్షిని ముందు గుర్తులు చెప్పమనాలి, ఆ తర్వాతే వస్తువు చూపించాలి. కౌటిల్యుడి హెచ్చరికకు ఇదే ఆచరణ. ఎన్ని కేసుల్లో జరుగుతోంది? స్టేషన్‌లో బల్ల మీద ఒకే గొలుసు పెట్టి, ‘ఇదేనా అమ్మా’ అని అడిగితే కాదనే తల్లి ఎవరు?

తెలియక కొన్నవాడికి జైలు తప్పినా నష్టం తప్పదు, దాన్నీ నిజాయతీగా చెప్పాలి. తనకు లేని హక్కును అమ్మేవాడు ఇంకొకడికి ఇవ్వలేడని 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం చెప్తుంది. వస్తువు సొంతదారుకే పోతుంది, కొన్నవాడు అమ్మినవాడి మీద దావా వేసుకోవాలి. దొంగ మీద దావా వేసి డబ్బు రాబట్టినవాణ్ణి నేను చూడలేదు. అయినా ఇది న్యాయమే. నష్టం ఇద్దరిలో ఒకరికి తప్పనప్పుడు ఇంట్లో భద్రంగా దాచుకున్నామె కంటే చూసుకోకుండా కొన్నవాడే దాన్ని భరించాలి.

ఆ ఇంట్లో దాచుకున్నామె గురించి కూడా చెప్పకుండా ఉండలేను. రికవరీ అయిందని పేపర్లో చదువుతుంది, స్టేషన్‌కెళ్తే కోర్టులో ఉందంటారు, కోర్టుకెళ్తే కేసు తేలాలంటారు. కూతురి పెళ్లి అయిపోతుంది, గొలుసు రాదు. 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు ఇది కూడదన్నది. గుజరాత్ పోలీసులు కొందరు స్టేషన్లలో ఉన్న సొత్తును మార్చి నకిలీవి పెట్టారని, డబ్బు వాడుకున్నారని వచ్చిన ఆరోపణల్లోంచి పుట్టిన కేసు అది. ఫోటోలు తీసి, పంచనామా రాసి, పూచీకత్తు పుచ్చుకుని సొంతదారుకు ఇచ్చేయమని, సొత్తు స్టేషన్‌లో పదిహేను రోజులు, మహా అయితే నెలకు మించి ఉండకూడదని చెప్పింది. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 497వ సెక్షన్ దీనికి గడువులు కూడా పెట్టింది: సొత్తు కోర్టుకు వచ్చిన 14 రోజుల్లో వివరాల పట్టిక, ఫోటో లేదా వీడియో, ఆ తర్వాత 30 రోజుల్లో ఎవరికివ్వాలో ఉత్తర్వు. ఆ గడువులు అమలయ్యేలా చూడటం మన పని.

మళ్లీ 119వ సెక్షన్ ఊహ దగ్గరకు వస్తే, అది మనిషిని బట్టి ముదిరితే ఏమవుతుందో చెప్పే చరిత్ర మన పక్కనే ఉంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. ఆ తెగలవాళ్ల కోసం బాపట్ల దగ్గర పెట్టిన స్టువార్టుపురం సెటిల్‌మెంట్‌ను సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో పెట్టారు. అక్కడ పుట్టిన ఎరుకల బిడ్డ చేతిలో కొత్త గిన్నె కనబడినా ఎక్కడిదని అడిగే రోజులు. ఆ చట్టం 1952 నాటికి దేశమంతటా పోయింది, మనసుల్లోంచి పోవడానికి హేమలతా లవణం, లవణం దంపతుల్లాంటివాళ్లు దశాబ్దాలపాటు పనిచేయాల్సి వచ్చింది. ఊరి పేరు చూసి సొత్తును దొంగదనుకోవడం 119వ సెక్షన్ చెప్పే ఊహ కాదు.

మరి తెలిసి కొనే పెద్దవాళ్లు? ప్రకాశం జిల్లా చందవరంలో గుండ్లకమ్మ ఒడ్డున బౌద్ధ స్తూపం ఉంది. అక్కడి నుంచి పోయిన శిల్పఫలకం, బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తుల శిల్పం, ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరింది. వాళ్లు 2005లో కొన్నారు, 2016లో భారతదేశానికి తిరిగిచ్చారు. సొత్తు దేశం దాటినా దొంగ సొత్తే అని మన నిర్వచనంలోనే ఉంది. సొంతదారుకు చేరాకే ఆ ముద్ర పోతుంది. తమిళనాడు గుడి విగ్రహాల కేసులో న్యూయార్క్ వ్యాపారి సుభాష్ కపూర్ 2011లో జర్మనీలో దొరికితే, కుంభకోణం కోర్టు పదేళ్ల శిక్ష వేసింది 2022లో. లక్షల డాలర్లు పోసి, కాగితాలు పుట్టించి కొనేవాళ్ల దగ్గర ‘తెలుసు’ అన్నది రుజువు చేయడానికి బోలెడు సాక్ష్యం ఉంటుంది, ఉత్తరాలు, ఫోటోలు, బ్యాంకు లెక్కలు. కంసాలి మీద పెట్టే శ్రమలో కొంత అక్కడ పెట్టాలి.

ఇక మోసం చేర్చిన సంగతి. సైబర్ మోసగాడు ఒకరి ఖాతాలోంచి లాగిన డబ్బు ఇప్పుడు చట్టం కళ్లలో దొంగ సొత్తే. ఇది మంచి మార్పు. కమీషన్‌కు ఆశపడి తన ఖాతాను అద్దెకిచ్చే కుర్రాడు, ఏటీఎంలో తీసి చేతికిచ్చేవాడు, ఇకమీదట నాకేం తెలియదని తేలిగ్గా తప్పుకోలేడు. మన జిల్లాల పిల్లలు కొందరు ఇందులో చిక్కుకుంటున్నారు. తల్లిదండ్రులు ఈ ముక్క వాళ్లకు గట్టిగా చెప్పాలి.

కానీ ఆ డబ్బులోంచి వంద రూపాయలు టీ కొట్టుకు యూపీఐలో వస్తాయి. ఎక్కడో వేరే రాష్ట్రం పోలీసుల ఉత్తర్వుతో టీ కొట్టాయన ఖాతా మొత్తం ఆగిపోతుంది. పాలవాడికి డబ్బివ్వలేడు, గ్యాసు కొనలేడు. ఏ స్టేషనో, ఏ కేసో కూడా బ్యాంకువాళ్లు చెప్పలేరు. ఈయనే 1872 నాటి గుర్తు పెట్టిన రూపాయి కొట్టువాడు. రోజంతా వచ్చే రూపాయల్లో అది ఒకటి. 2023లో కేరళ హైకోర్టు, అనుమానం ఉన్న మొత్తం వరకే ఆపండి, ఖాతా అంతా కాదు అని చెప్పింది. ఆ పద్ధతి దేశమంతా రావాలి. ఆపిన సంగతి మేజిస్ట్రేటుకు చెప్పాలన్నది చట్టంలో ఉన్నదే. చెప్పారా అని మనం అడగాలి.

నాగరిక్ సురక్షా సంహిత చేతికిచ్చిన ఇంకో ఆయుధం 105వ సెక్షన్. సోదా, సీజు, పట్టిక రాయడం, సాక్షుల సంతకాలు, అన్నీ ఆడియో వీడియోలో రికార్డు కావాలి, ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు చేరాలి. ఆ రికార్డింగు అడగని డిఫెన్స్ లాయరు తన క్లయింటుకు అన్యాయం చేస్తున్నట్టే. సొరుగులోంచి గొలుసు వచ్చిందో, ముద్ద వచ్చిందో, ఎవరు ఏమన్నారో అందులో ఉంటుంది.

సభలో ఉన్న వ్యాపారులకు ఒక మాట. పాత నగ కొనేటప్పుడు ఆధార్ నకలు, ఫోటో, ఫోను నంబరు తీసుకోండి, రిజిస్టర్లో రాయండి, డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. పాత ఫోను కొనేవాళ్లు *#06# కొట్టి ఐఎంఈఐ నంబరు తీసి ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోండి. ఇంట్లో నగలున్నవాళ్లు వాటి మీది ఆరక్షరాల హెచ్‌యూఐడీతో సహా ఫోటోలు తీసి పెట్టుకోండి. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక జూనియర్లకు నా విన్నపం. 317 కింద వచ్చిన క్లయింటు ఎదురుగా కూర్చున్నప్పుడు, కొనేటప్పుడు నీకు తెలుసా అని అడగండి, నిజం చెప్పించండి. తెలియదంటే ఆ ఒక్క మాట కోసం చివరిదాకా నిలబడండి. గొలుసు పోగొట్టుకున్న మనిషి మీ దగ్గరకొస్తే వెంటనే నాగరిక్ సురక్షా సంహిత 497, 503 సెక్షన్ల కింద పిటిషన్ వేయండి. గురువుగారు ఆ పిటిషన్లకు ఏనాడూ ఫీజు తీసుకోలేదు. మీరూ తీసుకోకండి.